గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జీవితము – ఇంటిభాష

 మన వార్షిక మహాసభలు జరుగునప్పుడు ప్రకటింపబడు ఇట్టి సంచికలలో మన కులమున జన్మించి, సత్రములు కట్టించియో, విద్యార్థులకు భోజనవసతు లేర్పఱచియో కీర్తిగాంచిన పెద్దల చరిత్రములను వ్రాయుట ఆచారము. ఈ మాఱు మేము ఆ యాచారమును కొంచెము దాటి, మన కులమున గాని మన జిల్లాలలో గాని పుట్టని యొక మహనీయుని చరిత్రమును మీ యెదుట నుంచుచున్నారము. ఆయన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. తెలుగువారిలో ఆయన పేరు వినని విద్యావంతు డుండడు. ఆగస్టు 29వ తేదీని, అనగా ఆయన జన్మదినమును, తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. అయినను ఆయనను గూర్చి జనులెఱిగినది సగము మాత్రమే. వాడుకభాషకై పోరాడిన పంతులుగారిని అందఱు నెఱుగుదురు. కొండలలోని సవరల భాషను నేర్చి, ఆ బిడ్డలకు ఆ భాషలోనే బడి పెట్టిన పంతులుగారిని కొందఱే యెఱుగుదురు. మన ఇండ్లలో నేడు జరుగుచున్న యొక నష్టమును గుర్తించుటకు ఈ రెండవ పంతులుగారి చరిత్రమే మనకు ముఖ్యము.

ఆయన 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీని శ్రీకాకుళమునకు ఉత్తరముగా, వంశధారానదీ తీరమున, శ్రీముఖలింగక్షేత్రమునకు సమీపముననున్న పర్వతాలపేట యను గ్రామమున జన్మించెను. తండ్రి వీరరాజుగారు, తల్లి వేంకమ్మగారు. తండ్రి రెవెన్యూ ఉద్యోగము చేయుచు 1875వ సంవత్సరమున మరణించెను. అప్పటికి బాలునకు పండ్రెండేండ్లు. బంధువుల యాశ్రయమున విజయనగరమున నుండి మహారాజావారి పాఠశాలలో చదువుకొనెను. అక్కడ ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ఆ యిరువురి చెలిమి పిమ్మట తెలుగు భాషాచరిత్రమునే మార్చినది. మెట్రిక్యులేషను పరీక్షయందు గెలిచిన పిదప, కుటుంబభారము మీదబడుటచే పై చదువులకు బోవ వీలులేక, 1880వ సంవత్సరమున పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. పట్టపరీక్షలకు ఉద్యోగము చేయుచునే ఇంటివద్ద చదువుకొని కూర్చుండెను.

చేతనున్న పని ముగియగానే చేయి ముడుచుకొని కూర్చుండు స్వభావము ఆయనది కాదు. బడిలో చరిత్రము చెప్పవలసి వచ్చినప్పుడు, అచ్చుపుస్తకములోని చరిత్రముతో తృప్తి పడలేదు. ముఖలింగమందలి దేవాలయముల గోడలపై చెక్కబడిన శాసనములను స్వయముగా చదువ నేర్చెను. నేర్పు గురువు లేడు. పుస్తకములు తెప్పించుకొని, అక్షరము వెంట అక్షరము పోల్చుకొని నేర్చెను. కళింగుల ప్రాచీన రాజధానియైన కళింగనగరము ముఖలింగ ప్రాంతమే యని నిరూపించు వ్యాసములు వ్రాసెను. ఒక చిన్న జమీందారీ పట్టణములో పనిచేయు బడిపంతులు ఇంతటి పరిశోధన చేయగలిగె నన్న విషయమును ఉపాధ్యాయవృత్తిలో నున్న మన యువకులు గమనింతురు గాక.

పర్లాకిమిడి పట్టణమునకు ఆనుకొని కొండలున్నవి. ఆ కొండలలో సవరలు నివసింతురు. వారు తమ పంటలను, అడవి సరకులను అమ్ముకొనుటకు దిగివచ్చినప్పుడు, వారి మాట పట్టణవాసులకు తెలియదు. పట్టణవాసుల మాట వారికి తెలియదు. భాష తెలియనివాడు బేరములోను, కచేరీలోను, బడిలోను మోసపోవును. ఈ దుస్థితికి మందు చదువేయని పంతులుగారికి తోచెను. ఇంతవరకు ఎవరికైనను తోచవచ్చును. అయితే ఇతరులు, సవరబిడ్డలు తెలుగు నేర్చుకొని చదువుకొందురు గాక యని యుందురు. పంతులుగారు అట్లనలేదు. బిడ్డ భాషను గురువు నేర్చుకొనవలెనని నిశ్చయించుకొనెను. ఈ యొక్క నిశ్చయములోనే ఆయన గొప్పతనమంతయు నున్నది.

తెలుగు, సవర రెండును వచ్చిన యొకనిని తన యింటనే పెట్టుకొని, భోజనముపెట్టి, అతనివద్ద విద్యార్థియై కూర్చుండి ఆ భాషను నేర్చెను. పిదప కొండలకు బోయి, సవరల గుడిసెలలో కూర్చుండి, వారి కథలను, పాటలను, ఆచారములను విని వ్రాసికొనెను. ఆ కాలపు అగ్రకుల కుటుంబములలో ఇట్టి పని ఎంత వింతగా నుండినదో ఊహింపవచ్చును. కొండజ్వరములు ఆయనను వదలలేదు. ఆ జ్వరములకు మందుగా మింగిన క్వినైను వలన ఆయన వినికిడి చెడినది. వినుటకై కొండలెక్కినవాడు ఆ వినికిడినే ఆ కొండలకు సమర్పించుకొనెను. అయినను పని మానలేదు. అప్పటికి గృహస్థుడైన ఆయన కుమారుడు గిడుగు వేంకట సీతాపతిగారు తండ్రికి చేదోడువాదోడుగా నుండి, తరువాత తానును భాషాపండితుడుగా ప్రసిద్ధి గాంచెను.

నేర్చిన భాషతో ఏమి చేసెనో చూడుడు. తెలుగు లిపిలో సవరభాషకు వాచకములు వ్రాసెను. స్వంత ధనముతో బడులు పెట్టెను. ఆ బడులలో చెప్పు ఉపాధ్యాయులకు తన జీతములో నుండియే జీతము లిచ్చెను. తరువాత మదరాసు ప్రభుత్వమువారు ఆ పుస్తకములను అచ్చువేయించి, ఆయనకు పారితోషికము నీయబోగా, అది తనకు వలదని, ఆ సొమ్ముతో సవరలకు ఒక మంచి బడి పెట్టి నడపుడని కోరెను. ప్రభుత్వమువారు ఆయనకు రావుసాహేబు బిరుదము నిచ్చిరి. కైజర్-ఇ-హింద్ పతకము నిచ్చిరి. బిరుదములను ఆయన కాదనలేదు గాని, బిరుదమునకై పనిచేయలేదు.

ఆయన సవరభాషాకృషి ఒక దయాకార్యము మాత్రమే యని తలంపరాదు. అది శాస్త్రము. సవరభాష తెలుగు, తమిళము, గోండి మున్నగు ద్రావిడభాషల కుటుంబములోనిది కాదు. సంతాలీ, ముండారీ భాషలతో గూడిన ముండాకుటుంబమునకు చెందినది. ఆ భాషలో క్రియాపదము తన కర్మపదమును తనలోనే ఇముడ్చుకొని యొక్కమాటగా నిలుచును. మాట చివర గొంతులో ఆగిపోవు ధ్వనులు కలవు. ఇట్టివానిని తెలుగు చెవితో వినిన వినబడవు. సంస్కృతవ్యాకరణపు చట్రములో బెట్టిన ఇమడవు. మేము పాణినీయము చదివినవారము. ఒక భాషకు చేసిన కొలతబద్దతో మఱొక భాషను కొలువరాదని మాకు బోధపడుటకు పంతులుగారి పద్ధతి యెంతో తోడ్పడినది. ఆయన పాశ్చాత్యుల ధ్వనిశాస్త్రగ్రంథములను తెప్పించుకొని చదివి, ధ్వనికి ధ్వని గుర్తించి, 1931వ సంవత్సరమున ఇంగ్లీషున సవరభాషావ్యాకరణమును, 1938వ సంవత్సరమున సవర–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. ఈ పరిశ్రమ సుమారు ముప్పదియైదేండ్లు సాగినది. నేటికిని ముండాభాషలను పరిశోధించు విద్వాంసులు ఆ వ్యాకరణమును తెఱచి చూడక ముందునకు పోజాలరు.

ఇంక లోకప్రసిద్ధమైన రెండవ పని. 1907వ సంవత్సరమున ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా జె. ఎ. యేట్స్ అను ఇంగ్లీషువాడు వచ్చెను. తెలుగువారు మాటలాడునది యొక విధముగాను, పుస్తకములలో వ్రాయునది వేఱొక విధముగాను ఉండుట చూచి, ఆయన కారణ మడిగెను. ఆ ప్రశ్న పంతులుగారికి, అప్పారావుగారికి, విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షుడైన పి. టి. శ్రీనివాస అయ్యంగారికి నచ్చినది. పరీక్షలలో విద్యార్థులు వాడుకభాషలో వ్యాసములు వ్రాయవచ్చునని అనుజ్ఞ దొరకెను. వెంటనే పండితలోకమున పెద్ద కలవరము పుట్టినది. జయంతి రామయ్యపంతులుగారు నాయకులుగా, 1911లో స్థాపితమైన ఆంధ్రసాహిత్యపరిషత్తు వేదికగా, వాడుకభాషకు ప్రతిఘటన జరిగెను. తుదకు ప్రభుత్వమువారు తామిచ్చిన అనుజ్ఞను ఉపసంహరించిరి.

పంతులుగారు ఓడితినని తలంపలేదు. 1911లోనే ఉపాధ్యాయవృత్తినుండి విరమించినవాడగుటచే కాలమంతయు దీనికే వినియోగించెను. 1913లో వర్తమానాంధ్రమును సమర్థించుచు ఇంగ్లీషున విజ్ఞాపనమును ప్రకటించెను. 1919లో తెలుగు అను పేరుతో మాసపత్రికను నడపెను. ఆ యేడే రాజమహేంద్రవరమున వర్తమానాంధ్రభాషాప్రవర్తకసమాజము కందుకూరి వీరేశలింగము పంతులుగారి అధ్యక్షతను ఏర్పడెను. గ్రాంథికమున అంతటి గద్యమును సృష్టించిన వీరేశలింగముగారు తమ కడపటి దినములలో ఈ పక్షమునకు వచ్చుట సామాన్యవిషయము కాదు. బాలకవిశరణ్యము, గద్యచింతామణి మున్నగు గ్రంథములలో పంతులుగారు చేసిన వాదము ఆవేశవాదము కాదు. ప్రాచీన గద్యములను, శాసనములను, వ్యాఖ్యానములను, పండితుల స్వంత రచనలను ముందు పెట్టి, గ్రాంథికమని చెప్పబడునది ఏ కాలమునను ఏకరూపముగా నుండలేదనియు, దానిని విధించు పండితులే దానిని తప్పులు లేక వ్రాయలేకున్నారనియు చూపెను. పరిషత్తువారు 1924లో వాడుకభాషపై నిషేధమును తొలగించిరి. 1938లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు ఆయనకు కళాప్రపూర్ణ బిరుదము నిచ్చి గౌరవించెను.

మేము ఈ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుచు, గ్రాంథికమును బిడ్డలపై రుద్దరాదన్న మహనీయుని కీర్తించుట చూచి మన యువకులు నవ్వవచ్చును. నవ్వుదురు గాక. మా చేతికి అలవడిన వ్రాత ఇది. ఇట్టి సంచికలకు మా తరమువారు వ్రాసిన తీరును ఇదియే. పంతులుగారు గ్రాంథికమును చదువవలదని యెన్నడును చెప్పలేదు. ప్రాచీన కావ్యములలో ఆయనకున్న పాండిత్యము ఆయన ప్రతిపక్షులకు భయము పుట్టించెను. ఆయన ఆక్షేపించినది నిర్బంధమును మాత్రమే. బిడ్డ నోట నున్న భాషను తప్పని చెప్పి, నోట లేని భాషను ఒప్పని బోధించిన యెడల, ఆ బిడ్డ నోరు మూసికొని కూర్చుండును. పండితుని బిడ్డకు ఈ న్యాయము వర్తించినట్లే సవర బిడ్డకును వర్తించును. కావున ఆయన చేసిన రెండు పనులును ఒక్కటియే. తెలుగునకై పోరాడి సవరను మఱచినవాడు కాడు. సవరను ప్రేమించి తెలుగును తక్కువచేసినవాడు కాడు.

అయినను ఒక విషయమును కప్పిపుచ్చరాదు. ఆయన వాదమున శిష్టవ్యవహారికమని చెప్పబడినది ముఖ్యముగా సర్కారు జిల్లాల విద్యావంతుల పలుకు. అదియే పిదప పత్రికలకును, పాఠ్యపుస్తకములకును ప్రమాణమైనది. నిజామురాష్ట్రమున నున్న మన పలుకునకు ఆ గౌరవము దొరకలేదు. ఇక్కడ చరిత్రమే వేఱు. రాజభాష ఉర్దూ, 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు ఉర్దూయే. 1921లో హైదరాబాదు సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేవగా గేలిచేయబడి, ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. కాలక్రమమున ఉర్దూ పెత్తనము పోయినను, మన తెలంగాణపు పలుకు సినిమాలలో హాస్యగాండ్ర పాలైనది. కాళోజీ నారాయణరావుగారు పలుకుబడుల భాషకై జీవితమంతయు వాదించి, ఆ న్యాయమును మన ప్రాంతమునకు వర్తింపజేసిరి. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9వ తేదీని 2014 నుండి తెలంగాణ భాషాదినోత్సవముగా జరుపుచున్నారు. పంతులుగారి సూత్రము సరియైనది. దానిని అందఱికిని సమముగా వర్తింపజేయు భారము తరువాతివారిపై బడినది.

పంతులుగారి కడపటి కాలము దుఃఖమిశ్రము. 1936 ఏప్రిలు 1వ తేదీని ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు పర్లాకిమిడి పట్టణము అందులో చేర్పబడెను. అది తెలుగువారికి అన్యాయమని వాదించిన పంతులుగారు, తాను అర్ధశతాబ్దికి మించి నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరమునకు వచ్చెను. 1940 జనవరి 22వ తేదీని మదరాసున దివంగతుడయ్యెను. ఆయన కొండలకు దూరమైన ఆ 1936వ సంవత్సరముననే సవరలలో మంగేయి గొమాంగో అను నతడు తన భాషకు సొరాంగ్ సొంపెంగ్ అను స్వంత లిపిని రూపొందించెను. బయటివాడైన గురువు నిష్క్రమించుటయు, లోపలివాడు కలము పట్టుటయు ఒక్క యేటనే జరిగినవి. ఏ భాషకైనను తుదకు కావలసిన దిదియే. ఇతరుని ప్రేమ దానిని కొంతకాలము నిలుపగలదు. తనవారు చేపట్టినప్పుడే అది బ్రతుకును. 2011వ సంవత్సరపు జనాభాలెక్కలలో సవరభాషను మాతృభాషగా చెప్పుకొన్నవారు నాలుగు లక్షలకు మించియుండిరి.

ఇంక మన బొగ్గుగనుల సీమకు వత్తము. సింగరేణి సంస్థ 1920లో ఆ పేరుతో ఏర్పడినది. 1945లో నిజాము ప్రభుత్వము దానిని చేజిక్కించుకొనెను. నేడు తెలంగాణ రాష్ట్రమునకు నూటికి 51 వంతులును, కేంద్రప్రభుత్వమునకు 49 వంతులును అందు గలవు. రామగుండము, గోదావరిఖని ప్రాంతమున 1960 దరిదాపులలో గనులు తెఱువబడగా, నలుదిక్కులనుండి జనులు వచ్చి చేరిరి. ఒక్క షిఫ్టులో గనిలోనికి దిగు మనుష్యులలో తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, లంబాడీ పలుకులు వినవచ్చును. గోదావరి దాటినంతనే మంచిర్యాల, ఆసిఫాబాదు సీమలలో గోండులు, కోలాములు కలరు. ఇట్టి చోట మన ఆరె కుటుంబములును పల్లెలు విడిచి వచ్చి గనిపనులలో కుదురుకొన్నవి.

మన పూర్వులు మరాఠదేశమునుండి వచ్చి తెలుగునేల నాటుకొన్నవారు. మన ఇంటిభాష మరాఠీనుండి వచ్చినది. జనాభాలెక్కలలో మరాఠీక్రిందనే చేర్చబడును. దానికి బడి లేదు, పుస్తకము లేదు. ఇన్ని తరములుగా అది నోటినుండి నోటికి మాత్రమే వచ్చినది. ముసలమ్మ మనుమనితో మాటలాడినందున నిలిచినది. పల్లెలో నున్నప్పుడు వాడయంతయు మనవారే గావున ఆ భాషకు నీడ యుండెడిది. కాలనీలో క్వార్టరుకు ఈ ప్రక్క నొక భాష, ఆ ప్రక్క నొక భాష. పిల్లలు వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు, దూరదర్శినిముందు హిందీ. ఇంటిభాషకు మిగిలినది వంటయిల్లు. అక్కడను ఇప్పుడు తల్లులు తెలుగున పిలుచుచున్నారు.

మేము ఈ ప్రాంతమున మూడు దశాబ్దములు తెలుగు చెప్పిన వారము. మన బాలురు బడిలో తమ యింటిభాషను దాచుకొనుట మేమెఱుగుదుము. ఇరువురు మనవారు ఆ భాషలో మాటలాడుకొనుచు, ఇతరులు దరికి రాగానే తెలుగునకు మాఱుదురు. తల్లి బడికి వచ్చి ఇంటిభాషలో పిలిచిన, వినబడనట్లు నటించు బాలురను చూచితిమి. గోండు, కోలాము బిడ్డలును ఇట్లే చేయుదురు. దీనికి కారణము ఆ భాష కష్టమగుట కాదు, సిగ్గు. సిగ్గు పుట్టినచోట భాష ఒక్క తరములో పోవును. తాత మాటలాడును, తండ్రికి తెలియును గాని మాటలాడడు, కుమారునకు తెలియనే తెలియదు.

మన పెద్దలలో కొందఱు ఇట్లందురు. పిల్లలకు ఉద్యోగములకై ఇంగ్లీషు కావలెను. తెలుగే సరిగా రాకున్నది. ఈ మూడవ భారమెందుకు? ఇది త్రోసివేయదగిన మాట కాదు. గనులలో వారసత్వపు కొలువులను నమ్ముకొని చదువు మానిన రోజులు గడిచినవి. బిడ్డలకు పరీక్షలే దిక్కు. అయితే పంతులుగారి చరిత్రమే దీనికి సమాధానము చెప్పుచున్నది. ఆయనకు తెలుగు, సంస్కృతము, ఇంగ్లీషు, సవర వచ్చును. ఒకటి నేర్చుటచే మఱొకటి తఱుగలేదు. తెలుగు లిపిలోనే వాచకములు వ్రాయుటచే సవరబిడ్డ తన భాషలో చదువ నేర్చి, ఆ యక్షరములతోనే తెలుగునకు పోగల దారి యేర్పడెను. ఇంటిభాష మెట్టువంటిది. మెట్టును తీసివేసినందున మేడ దగ్గఱ కాదు. మఱియు ఇంటిభాషను బిడ్డకు నేర్పుటకు బడివేళలో ఒక్క నిమిషమైనను తీసికొన నక్కఱలేదు, పుస్తకభారము లేదు; ఇంట మాటలాడిన చాలును.

మన పొరుగున జరిగినవానిని చూతము. 1940లో కుమురం భీము మరణించిన పిదప, నిజాము ప్రభుత్వము గోండుల స్థితి విచారింప హైమన్‌డార్ఫు పండితుని నియోగించెను. ఆయన సూచనపై 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము తెఱువబడి, గోండిలో వాచకములు సిద్ధమయ్యెను. అదే జిల్లాలోని గుంజాల గ్రామమున గోండిలిపిలో వ్రాసిన ప్రాచీన ప్రతులు దొరకినవి; ఆ లిపికి 2018లో యంత్రాక్షరములలో అంతర్జాతీయమైన స్థానము లభించెను. 2004లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గోండి, కోయ, కోలామీ, సవర, లంబాడీ మున్నగు ఎనిమిది భాషలలో చిన్నతరగతుల బోధన నారంభించెను. పంతులుగారు నూఱేండ్లకు ముందు ఒంటరిగా స్వంత ధనముతో చేసినది అప్పటికి ప్రభుత్వకార్యమైనది. 2011 లెక్కలలో గోండి మాటలాడువారు సుమారు 29.8 లక్షలు, కోలామీ మాటలాడువారు సుమారు 1.28 లక్షలు. మనవలె కొలదిమందియైన కోలాములు తమ పలుకును పుస్తకములోనికి ఎక్కించుకొనగా, మనము చేయలేమనుట యుక్తము కాదు.

విదేశమున న్యూజీలాండు ద్వీపములలో మావోరీలను ప్రజల భాషయు ఇట్లే అడుగంటుచుండెను. వారు 1982లో ఒక పని ప్రారంభించిరి. భాష తెలిసిన తాతలను, అవ్వలను శిశువులతో ఒక చోట జేర్చి, అక్కడ మావోరీ తప్ప వేఱుమాట వినబడకుండ జేసిరి. నడుమ తరమువారు మఱచినను, ఒడిలోని శిశువు ముసలివారినుండి నేరుగా నేర్చెను.  వారికి తోడ్పడినది ఒడి. మన ఇండ్లలో ఆ ఒడి యింకను ఉన్నది. ఇంక ఇరువదియేండ్లకు ఉండునని చెప్పజాలము.

కావున కులబాంధవులకు మేము మనవి చేయునది స్వల్పము. మొదటిది, ఇంట పెద్దలున్నవారు పిల్లలతో ఇంటిభాషలోనే మాటలాడవలెను. పిల్లవాడు తెలుగున బదులు చెప్పినను తాము మాఱరాదు. రెండవది, మన పెండ్లిపాటలు, జోలపాటలు, సామెతలు, వ్యవసాయపు మాటలు తెలుగు లిపిలో వ్రాసికొనవలెను. ముసలివారి కంఠమును ఫోనులలో పట్టి దాచుట నేడు ప్రతి యువకుని చేతిలోనున్న పని. పంతులుగారికి ఆ సాధనమే లేదు, చెడిన చెవియు కలము మాత్రమే యుండెను. మూడవది యువకులకు. మీరు ఫోనులలో ఒకరికొకరు ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాసికొనుచున్నారు గదా. అందు కొన్ని మాటలు ఇంటిభాషవి కానిండు. తాతతో మాత్రమే మాటలాడు భాష తాతతోనే పోవును. స్నేహితునితో మాటలాడు భాష నిలుచును. నాలుగవది పోషకమహాశయులకు. సత్రమునకు ఒక గది కట్టించుట పుణ్యమే. ఒక చిన్న నిఘంటువు అచ్చువేయించుట అంతకు తక్కువ పుణ్యము కాదు. గది ముప్పదియేండ్లకు పాడగును. నిఘంటువు మనుమలకును పనికివచ్చును.

ఇంకొక్క మాట. మన భాషకు గౌరవము కోరుకొను మనము, మన బిడ్డల ప్రక్కన కూర్చుండు గోండు బిడ్డ పలుకును, లంబాడీ బిడ్డ పలుకును గేలిచేయుట చూచి ఊరకుండరాదు. పంతులుగారు బ్రాహ్మణకులమున బుట్టి, తన కులమునకు గాని తన భాషకు గాని సంబంధింపని బిడ్డలకై కొండలెక్కి చెవులు పోగొట్టుకొనెను. ఒక కులసంఘపు సంచికలో ఆయన చరిత్రము వ్రాయుట తగునా యని యెవరైన అడిగినచో, మా సమాధాన మిదియే. తనవారిని ప్రేమించుట అందఱును చేయుదురు. పరుల బిడ్డ నోటిమాటను తన బిడ్డ నోటిమాటవలె గౌరవించినవాని చరిత్రము చదివినప్పుడే, తనవారిని ప్రేమించుట ఎట్లో మనకు సరిగా తెలియును. ఈ మహాసభ నిర్విఘ్నముగా జరుగును గాక. సభనుండి ఇంటికి వెళ్లిన ప్రతి కుటుంబమున ఆ రాత్రి భోజనమువేళ ఇంటిభాష వినబడును గాక.